మూడో ఆకు

విత్తనాల గదిలో పనిచేసే ఆమెను ఆ మొక్కల కేంద్రంలో అందరూ గువ్వ అనేవారు. తలుపు కాస్త గట్టిగా పడినా ఉలిక్కిపడుతుందని ఎవరో సరదాకి పెట్టిన పేరది. పెట్టినవాళ్లు పని మానేసి వెళ్లిపోయారు గానీ పేరు మాత్రం అక్కడే ఉండిపోయింది. ఇప్పుడు అసలు పేరు పెట్టి పిలిస్తే ఆమే ఓ క్షణం ఆలోచించి పలుకుతుంది.

ఆ ఉదయం మేకతాత గుడ్డసంచీ తెచ్చి ఆమె బల్ల మీద పెట్టాడు. కొండలెక్కి అడవి మొక్కల గింజలు ఏరుకొచ్చే పని అతనిది. ఆ వయసులో కూడా మేకలా రాళ్లమీద నిలబడగలడు కాబట్టి ఆ పేరు. మెడ, మోచేతులు ఎర్రగా కంది, గీతలు గీతలుగా వాచి ఉన్నాయి.

"నూగుమందార," అన్నాడు మెడ గోక్కుంటూ. "ఇంక లేవమ్మాయ్. రోడ్డు కోసం ఆ గుట్టంతా చెక్కేస్తున్నారు. యంత్రం అటువైపు నుంచి వస్తుంటే నేను ఇటువైపు నుంచి కాయలు కోసుకుంటూ వచ్చాను. ఇవే ఆఖరు."

నూగుమందార ఆ గుట్టకే పుట్టిన పొద. మనిషికంటే కాస్త ఎత్తు పెరుగుతుంది. గిన్నెంతేసి పసుపు పూలు కొమ్మంతా పూస్తాయి. పువ్వు చూస్తే ముద్దొస్తుంది, చెయ్యి వేస్తే మాత్రం వదిలిపెట్టదు. ఆకుకీ కాయకీ కాడకీ సన్నటి నూగు. అది చర్మంలో దిగిందంటే వారాల తరబడి దురద.

"గోక్కోకు తాతా. గోకితే ఇంకా ఎక్కువవుతుంది," అంది గువ్వ.

"చెప్పడానికేం, నువ్వు బాగానే చెబుతావు," అని నవ్వి అతను సంచీని ఆమె వైపు జరిపాడు. "ఎవరికివ్వమంటారు అని మేడమ్‌ని అడిగితే గువ్వకే ఇవ్వు అంది. నేనూ అదే అనుకున్నాను. భయం ఉన్నవాళ్ల చేతిలో గింజ భద్రంగా ఉంటుంది."

ఆ మాటకి గువ్వ పొంగిపోయింది. ఆ పొంగు మధ్యాహ్నం దాకా కూడా నిలవలేదు.

ఈ గింజ పెంకు రాయి లాంటిది. చల్లటి నీళ్లలో నెల్లాళ్లు నానినా లొంగదు. దానికో పద్ధతి ఉంది. నీళ్లు మరిగించి, గిన్నె కిందికి దించి, బుడగలు అణిగేదాకా ఆగి, అప్పుడు గింజలు పోసి అలా వదిలెయ్యాలి. నీళ్లు చల్లారేసరికి పెంకు మెత్తబడి గింజ ఉబ్బుతుంది. గువ్వ ఈ పని చాలాసార్లు చేసింది. ఆ రోజు మాత్రం గిన్నె దించే మసిగుడ్డ కనబడలేదు. దించడమెందుకు, ఇక్కడే పొయ్యి ఆపేస్తే సరిపోదా అనుకుంది. కరెంటు పొయ్యి పైన గోడ మీదున్న స్విచ్ నొక్కింది, బుడగలు అణిగేదాకా ఆగింది, గింజలు పోసింది. పోస్తుండగానే ఫోన్ మోగింది. అత్త. గదిలో మాటలు సరిగా వినబడవని గువ్వ బయటికి వచ్చింది.

"మిక్సీ మూత ఎక్కడ పెట్టావు?" అంది అత్త.

"బోర్లించిన గిన్నెల వెనకాల చూడండి అత్తయ్యా."

"అక్కడ లేదు."

"అయితే కిటికీలో ఉంటుంది."

కిటికీలోనే ఉంది. కానీ దొరికిన మూత గురించి మాట్లాడటానికి అత్తకి దొరకని మూత కంటే ఎక్కువసేపు పట్టింది. గువ్వ లోపలికి వచ్చేసరికి గది ఉక్కగా ఉంది. తలెత్తి చూస్తే పంకా తిరగడం లేదు. పొయ్యి అనుకుని తాను ఆపింది పంకాని.

ఆ పొయ్యికి ఓ జబ్బు ఉంది. వేడెక్కాక తనంతట తాను ఆగుతుంది, కాస్త చల్లబడ్డాక మళ్లీ అందుకుంటుంది. అది ఆగినప్పుడే బుడగలు అణిగాయి, తానేమో ఆరిపోయిందనుకుంది. ఇప్పుడు గిన్నెలో నీళ్లు కుతకుతలాడుతున్నాయి. వాటిలో మేకతాత గింజలు పైకీ కిందికీ గిరగిరా తిరుగుతున్నాయి.

గువ్వ ఒట్టి చేత్తో గిన్నె దించింది. వేళ్లు చురుక్కుమన్నా తెలియలేదు. నీళ్లు వంచి చూస్తే గింజల నల్లరంగు వెలిసిపోయి, కొన్ని పగిలి లోపలి తెలుపు కనబడుతోంది. ఇంక లేవమ్మాయ్ అన్న మాట చెవిలో మోగింది.

మేడమ్ పక్క షెడ్డులోనే ఉంది. మొలక వేసే పని అంతటికీ పెద్ద ఆవిడే. అరిచే మనిషి కూడా కాదు. గువ్వ నాలుగడుగులు అటు వేసింది. మధ్యలో కాళ్లు వాటంతట అవే దారి మళ్లాయి. కేంద్రం వెనకాల తెగులు పట్టిన కొమ్మలు తగలబెట్టే గొయ్యి ఉంది. ముందురోజు మంట బూడిద ఇంకా గోరువెచ్చగా ఉంది. గింజలు అందులో దులిపి, కర్రతో బూడిద కప్పింది. తలెత్తేసరికి ఎదురుగా కంచె. కంచె పొడుగునా ఎవరూ నాటకుండా మొలిచిన తుత్తురు బెండ, దాని నిండా చిన్న చక్రాల్లాంటి ఎండుకాయలు. ఇది కూడా మందార, బెండల జాతిదే. గింజ అదే నలుపు, అదే వంపు.

ఆమె కాయలు తుంచి అరచేతుల మధ్య నలిపింది. పొట్టు ఊదింది. ఒక తప్పు కప్పిపుచ్చడానికి రెండో తప్పు చేసేటప్పుడు మనిషికి అది తప్పులా అనిపించదు, పనిలా అనిపిస్తుంది. సాయంత్రానికి ఆ గింజలు పెంకు మెత్తబడి, వరసగా మట్టి ట్రేలలోకి చేరాయి. ట్రేలకి నూగుమందార అని చీటీ కూడా ఆమే గుచ్చింది.

అసలు మొలవకపోతే బాగుండునని గువ్వ కోరుకుంది. మొలవకపోతే గింజలు చచ్చినవి అనుకుంటారు, నిట్టూర్చి వదిలేస్తారు. కానీ కంచె పక్కన పెరిగే జాతికి మొహమాటం తెలియదు. వారం తిరక్కుండానే ట్రేలన్నీ పచ్చగా నిండిపోయాయి. ప్రతి మొలకకీ హృదయం ఆకారంలో రెండేసి ఆకులు.

"ఇంత బాగా మొలవడం నేనెప్పుడూ చూడలేదు," అంది మేడమ్ వంగి చూస్తూ. ఆవిడ మొహం చంటిపిల్లని చూస్తున్నట్టు ఉంది. "నీళ్ల వేడి ఎంత పెట్టావు గువ్వా?"

"ఎప్పటిలాగే మేడమ్."

"పెద్దసారుకి చెప్పాను. వచ్చి చూస్తారట. అప్పుడే తొందరపడకండి అని కూడా చెప్పాననుకో. ఈ కుటుంబంలో అన్నిటికీ పుట్టినప్పుడు ఒకటే మొహం. మూడో ఆకు వస్తేగానీ ఎవరి బిడ్డో తెలీదు."

ఆవిడ నవ్వింది. పక్కనున్న కూలీలు కూడా నవ్వారు. గువ్వ కూడా పెదాలు సాగదీసింది గానీ కళ్లు మాత్రం మొలకల రెండాకుల నడుమే వెతికాయి.

మేకతాత చూడటానికి వచ్చి ట్రేల ముందు గొంతుక్కూచున్నాడు. ముట్టుకోలేదు. ఒక చేత్తో మోచెయ్యి గోక్కుంటూ చాలాసేపు చూశాడు. "నీ చెయ్యి మంచిదమ్మాయ్," అన్నాడు లేస్తూ. దానికంటే చెంప మీద కొట్టి ఉంటే గువ్వకి తేలికగా ఉండేది.

ఆ రోజు నుంచి ఆమె అందరికంటే ముందు వచ్చేది. రెండాకుల నడుమ సూదిమొనంత మూడో ఆకు తల ఎత్తుతుంటే గోటితో గిల్లేసేది. ఒక్కో మొలకా, ఒక్కో ట్రే. గోరు సందులో పచ్చరంగు పట్టేది. దాన్ని కొంగుకి తుడుచుకుని ఏమీ ఎరగనట్టు బల్ల దగ్గర కూచునేది. ఇలా ఎన్నాళ్లు గిల్లుతావు అని తనను తానే అడిగింది. ఆ ఒక్కరోజు గడిస్తే చాలనిపించేది. ఎవరు నడిచివచ్చినా ముందు అరచెయ్యి ముడుచుకునేది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, ట్రే అన్న మాట వినబడితే చాలు ఆమె గోళ్లు చూసుకునేది.

ఇంట్లో గ్లాసు చేజారింది. చారులో ఉప్పు రెండుసార్లు పడింది.

"వంట్లో బాగాలేదా?" అన్నాడు భర్త.

"బాగానే ఉంది."

"మొహం చూస్తే అలా లేదు మరి."

"మొహం చూడకండి," అంది గువ్వ.

గిల్లిన చోట్లు మేడమ్ కంట పడ్డాయి. "పురుగు కొరుకుతోంది," అంది ఆవిడ కళ్లు చికిలించి. సాయంత్రానికల్లా ట్రేలన్నిటి మీదా సన్నటి వల దిగింది, చుట్టూ అంచులు బిగించి కట్టేశారు. మొలకల మీద ప్రేమతో కట్టిన వల అది. గువ్వకి మాత్రం తన మెడ చుట్టూనే బిగించినట్టు అయింది.

వల కింద మూడో ఆకు ఎవరి అనుమతీ అడగకుండా వచ్చేసింది.

పెద్దసారు వచ్చిన రోజునే వల విప్పారు. ఆ కేంద్రం నడిపేది ఆయన. గుట్ట తవ్వినందుకు బదులుగా అక్కడి పొదల్ని మళ్లీ రోడ్డు పొడుగునా నాటిస్తానని రోడ్డువాళ్లకి మాట ఇచ్చి ఉన్నాడు. మేడమ్ ఒక మొలక మీదికి వంగింది. వంగిన మనిషి లేవలేదు. మూడో ఆకుని తుంచి తన మణికట్టు లోపలివైపు రుద్దుకుంది. అందరూ ఆగారు. ఇంకో ఆకు తుంచి రుద్దింది. మళ్లీ ఆగింది.

"దురద లేదు," అంది మెల్లగా. "ఆకు అంచు కూడా వేరు. ఇది నూగుమందార కాదు సార్. తుత్తురు బెండ."

"అంటే?"

"కలుపు మొక్క."

పెద్దసారు గొంతు పెంచలేదు. ఆయన గొంతు పెంచడని, తగ్గిస్తేనే భయపడాలని అక్కడ అందరికీ తెలుసు. "గింజలు తెచ్చింది ఎవరు?" అన్నాడు, పక్కవాళ్లకి కూడా అతికష్టం మీద వినబడేలా.

మేకతాతని పిలిచారు. అతను మొలకల వైపు చూశాడు, మేడమ్ వైపు చూశాడు. "నేను తెచ్చింది నూగుమందారే సార్," అన్నాడు. చొక్కా చేతులు పైకి మడిచి చూపించాడు. "ఇదిగో, దద్దుర్లింకా పోలేదు."

"కొండమీద దురద పెట్టే మొక్క అదొక్కటేనా? వయసైపోయింది తాతా. కళ్లు కనబడకపోతే కనబడటం లేదని చెప్పాలి. ఆఖరి కాయలు యంత్రం కింద పోయాయి, నువ్వు కలుపు గింజలు మోసుకొచ్చావు."

మేడమ్ గువ్వ వైపు తిరిగింది. "సంచీ విప్పింది నువ్వే కదా. గింజలు ఎలా ఉన్నాయి?"

ఇదే సందు. అందరూ ఆమె వైపే చూస్తున్నారు. నోరు తెరిస్తే చాలు, మాట బయటికి వస్తుంది. గువ్వ నోరు తెరిచింది.

"నల్లగా ఉన్నాయి మేడమ్," అంది. "వంపుగా."

అది అబద్ధం కాదు. ఆమె ఆ తర్వాత దానితోనే తనను తాను సముదాయించుకోవాలని చూసింది, కుదరలేదు.

"రేపటినుంచి తాత రానక్కర్లేదు," అన్నాడు పెద్దసారు. మేకతాత భుజం మీది గుడ్డసంచీ తీసి దులిపి, నాలుగు మడతలు పెట్టి, ఎక్కడ పెట్టాలో తెలియక కాసేపు చేతిలోనే పట్టుకుని నిలబడ్డాడు. చివరికి గువ్వ బల్ల మీదే పెట్టి వెళ్లిపోయాడు.

రెండు రోజులు ఆ సంచీ బల్ల మీదే ఉంది. గువ్వ దాన్ని తీయలేదు, దాని మీద ఇంకేమీ పెట్టలేదు. భయం తగ్గాలి కదా, ఇప్పుడు ఎవరూ ఆమెను అనుమానించడం లేదు. అదేం చిత్రమో, భయం అలాగే ఉంది. దొరికిపోతానేమో అన్న భయం పోయిన చోట, ఇంక ఎప్పటికీ దొరకనేమో అన్న భయం వచ్చి కూచుంది. మూడో రోజు పనిలోకి వెళ్లే దారిలో ఆమె సంచీ చంకన పెట్టుకుని మేకతాత ఇంటికి మళ్లింది.

ఒకటే గది. తలుపు తీసే ఉంది. మేకతాత గుమ్మం దగ్గర వెలుగులో కూచుని ఒళ్లో పళ్లెం పెట్టుకుని ఉన్నాడు. పళ్లెం నిండా రకరకాల గింజలు కలిపి పోసి ఉన్నాయి. అతను ఒకటి తీసి కంటి దగ్గరగా పెట్టుకుని, వెనక కూచున్న భార్యకి చూపించాడు.

"ఇది చింత కదా?"

"చింతే. ఇందాకా అడిగావు," అంది అవ్వ విసుగ్గా. గువ్వని చూసి, "రా తల్లీ. మొన్నటినుంచి ఇదే పని. ముద్ద తినడు, గింజలు ముందేసుకుని పరీక్ష పెట్టుకుంటాడు. అన్నీ సరిగ్గానే చెబుతాడు. అయినా నమ్మడు," అంది.

"ఇవి పెద్ద గింజలు, ఎవరికైనా కనబడతాయి," అన్నాడు మేకతాత. "ఆ రోజు యంత్రం మోత, దుమ్ము. నూగుమందార అనుకునే కోశానమ్మాయ్. పక్కన తుత్తురు బెండ పొదలు కూడా ఉన్నాయి మరి. కన్ను మోసం చేసిందేమో. సారు అన్నదాంట్లో తప్పేముంది. ఆఖరి కాయలు నా వల్లే పోయాయి."

గువ్వ అతను తిట్టుకుంటూ ఉంటాడనుకుంది. పెద్దసారుని, తనని, లోకాన్ని. తిట్టుకుంటున్న మనిషి ముందు నోరు మూసుకుని కూచోవచ్చు. కానీ అతను ఆ నిందని నమ్మేశాడు. ఇన్నేళ్లు కొండని చదివిన కళ్లని పళ్లెంలో పోసుకుని ఒక్కొక్క గింజనీ సాక్ష్యం అడుగుతున్నాడు. ఆమెకి ఆ పళ్లెం చూస్తుంటే ఏడుపు వచ్చింది.

"నీ కళ్లకేం కాలేదు తాతా," అంది. "నువ్వు తెచ్చినవి నూగుమందారే. నేను ఉడకబెట్టేశాను. పొయ్యి ఆపబోయి పంకా ఆపాను. గింజలు పగిలిపోయాయి. భయమేసి పారేశాను. ట్రేలలో వేసినవి కంచె మీది కాయలు. మూడో ఆకులు గిల్లింది కూడా నేనే, పురుగు కాదు."

చెప్పడం మొదలుపెట్టాక ఆగలేదు. ఆగితే మళ్లీ మొదలుపెట్టలేనని తెలుసు.

"ఎంత పని చేశావే," అంది అవ్వ.

మేకతాత పళ్లెం పక్కన పెట్టాడు. అతని మొహంలో కోపం ఉందో, ఊరట ఉందో గువ్వ చూడలేకపోయింది, తల వంచుకునే ఉంది.

"ఎక్కడ పారేశావు?" అన్నాడు.

"మంట గోతిలో. బూడిదలో."

అతను లేచి చెప్పులు వేసుకున్నాడు. దారంతా ముందు అతను, వెనక ఆమె. అతని చెప్పుల చప్పుడు వింటూ గువ్వ దాదాపు పరిగెత్తింది. తెల్లవారుజామున పడిన చినుకులకి దారి తడిగా ఉంది.

గోతి దగ్గర కూలీలు ఉన్నారు. పనికిరాని మొలకల్ని తగలబెట్టమని పెద్దసారు కబురు పంపాడు. ట్రేలు గట్టు మీద వరసగా ఉన్నాయి. కొన్నాళ్లుగా పడుతున్న వానలకి గోతిలో మంట వెయ్యలేదు, అంచున ఎండుకొమ్మలు మాత్రం కుప్ప పోసి ఉన్నాయి. ఒకతను అగ్గిపెట్టె తీసి చేతిలో ఆడిస్తున్నాడు. మేడమ్ కాస్త దూరంగా చేతులు కట్టుకుని నిలబడి ఉంది.

"ఆగండి," అని అరిచింది గువ్వ.

గువ్వ అరవడం అక్కడ ఎవరూ విని ఎరగరు. అగ్గిపెట్టె పట్టుకున్నతను నిజంగానే ఉలిక్కిపడ్డాడు.

మేకతాత గోతిలోకి దిగిపోయాడు. తడి బూడిద మీద మోకాళ్లూని, వేళ్లతో మట్టిని తాకకుండా గాలిలోనే వెతుకుతున్నట్టు కదిలాడు. గువ్వ గట్టు మీద నిలబడి, మేడమ్ మొహంలోకి చూడలేక ఆవిడ చెప్పుల వైపు చూస్తూ, మేకతాత ఇంట్లో చెప్పినదంతా మళ్లీ చెప్పింది. రెండోసారి చెప్పడం తేలిక అంటారు గానీ అది ఒట్టి మాట. కూలీలు కూడా వింటున్నారు.

"ఆ రోజు నా దగ్గరికి వచ్చి ఉంటే," అని మేడమ్ ఆగిపోయింది. తర్వాత చెయ్యి చాచింది. "విత్తనాల గది తాళంచెవి ఇవ్వు."

గువ్వ నడుముకి దోపుకున్న తాళంచెవి తీసి ఇచ్చింది. ఇచ్చాక కూడా చెయ్యి అక్కడే తడుముకుంది.

"మేడమ్," అన్నాడు మేకతాత గోతిలోంచి. "ఇటు రండి."

బూడిదలో అక్కడొకటి, ఇక్కడొకటి. వంగి చూస్తేగానీ కనబడవు. తల మీద చిట్లిన పెంకుని ఇంకా మోస్తున్నది ఒకటి. హృదయం ఆకారంలో రెండేసి ఆకులు విప్పుకున్నవి కొన్ని.

"మరీ గట్టి పెంకువి కొన్ని బతికి ఉంటాయి," అంది మేడమ్. "లేదా కంచె మీది కాయలు గాలికి రాలి మొలిచి ఉండొచ్చు. ఇప్పుడే ఏమీ చెప్పలేం. మూడో ఆకు రానివ్వండి. అప్పటిదాకా ఈ గోతిలో నిప్పు మాట ఎత్తొద్దు."

గువ్వని మట్టి కలిపే చోటికి మార్చారు. పొద్దుటినుంచి జల్లెడ, పార, ఎరువు. చేతులు బొబ్బలెక్కాయి. మాట అప్పటికే కేంద్రమంతా పాకింది. ఆమె వస్తే మాటలు ఆగేవి, వెళ్లాక మొదలయ్యేవి. పెద్దసారు మేకతాతని రమ్మని కబురు పంపాడు. అంతకుమించి ఒక్క మాట పంపలేదు. మేకతాత వచ్చాడు, కానీ కొండెక్కలేదు. గోతి గట్టున గొడుగు వేసుకుని కూచున్నాడు, ఎండ ఎక్కువైతే ఆ గొడుగు మొలకల మీద పెట్టి తాను ఎండలో కూచునేవాడు. గువ్వ పక్కనుంచి మట్టితట్టతో వెళ్తుంటే చూసేవాడు కాదు. గువ్వకి దాని మీద ఫిర్యాదు లేదు. అవి కంచె మొలకలే అయితే ఏం చెయ్యాలన్నదే ఆమె భయం. నిజం చెప్పినా మిగిలేది బూడిదేనా అని. రోజూ తట్ట దించిన ప్రతిసారీ గోతి వైపు చూసేది, మళ్లీ వెంటనే చూపు తిప్పుకునేది.

ఒక ఉదయం మేడమ్ ఆమెను పిలిచింది.

గోతిలో ముగ్గురూ కూచున్నారు. ఒక మొలకకి మూడో ఆకు విచ్చుకుంది. చిటికెనవేలి గోరంత.

"నువ్వు చెప్పు తాతా," అంది మేడమ్.

మేకతాత వంగాడు. దగ్గరగా చూశాడు, దూరంగా చూశాడు. తల అడ్డంగా ఊపాడు. "నేను చెప్పను మేడమ్. నా కన్ను మీద నాకు నమ్మకం లేదు."

మేడమ్ ఆ ఆకుని సగానికి తుంచి గువ్వ వైపు చాచింది. "నువ్వు రుద్దుకో."

గువ్వ మణికట్టు తిప్పి పట్టింది. మట్టి పనికి చెయ్యి గరుకెక్కింది గానీ అక్కడ చర్మం ఇంకా మెత్తగానే ఉంది. ఆకు పెట్టి రుద్దింది. మెత్తగా, చల్లగా ఉంది. అంతే. షెడ్డు వైపు ఎవరో నీళ్ల గొట్టం ఈడుస్తున్న చప్పుడు. గువ్వ తన మణికట్టునే చూస్తూ ఉంది. ఏమీ లేదు. పోయాయి, నిజంగానే పోయాయి అనుకుంది. మేడమ్ నిట్టూర్చి మోకాళ్ల మీద చేతులు ఆనించి లేవబోయింది.

అప్పుడు చీమ పాకినట్టు అయింది. గువ్వ చెయ్యి విదిలించింది. చీమ లేదు. పాకడం కాస్తా గుచ్చడం అయింది, గుచ్చడం మంట అయింది. చర్మం మీద ఎర్రగా చిన్న చిన్న చుక్కలు లేచాయి. ఆమెకి తెలియకుండానే రెండో చేతి గోళ్లు అక్కడికి పోయాయి. ఏడుస్తూ గోక్కుంది, ఎంత గోకినా తీరడం లేదు.

మేకతాత చెయ్యి చాచి ఆమె గోళ్లని పక్కకి తీశాడు.

"గోక్కోకమ్మాయ్," అన్నాడు. "గోకితే ఇంకా ఎక్కువవుతుంది."